పైరుల ఖనిజాహారము: కొఱతను గుర్తించి తీర్చు విధము

ఒకే తూము నీరు పాఱు రెండు మడులలో ఒకే నారును ఒకే దినమున నాటినను, మూడు వారములు గడచునప్పటికి ఒక మడి ఏపుగా పిలకలు వేయుటయు, రెండవ మడి గిడసబాఱి ఆకులపై తుప్పువంటి మచ్చలు చూపుటయు రైతులు పలుమాఱు చూచినదే. పైరు ఆకలిగొన్నదని తలచి రైతు యూరియా బస్తా తెచ్చి చల్లును. వారము గడచినను పైరు పచ్చబడదు. చాలలేదేమో యని మఱియొక బస్తా చల్లును. పైకము పోవును, అదను పోవును. పిలకలు వేయవలసిన దినములు తిరిగి రావు. పైరు ఆకలిగొన్న మాట నిజమే. అయితే అది అడిగిన దొకటి, దానికి పెట్టినది వేఱొకటి. పైరులకు మన్నునుండి కావలసిన ఆహారమెట్టిదో, అందేది కొఱవడినదో తెలిసికొను మార్గమేదో, ఆ కొఱతను తీర్చుట యెట్లో ఇందు వివరింపబడును.

మొక్క మన్నునుండి తీసికొనున దెంత

బ్రస్సెల్సు పట్టణపు వైద్యుడగు వాన్ హెల్మాంటు ఎండబెట్టిన 200 పౌనుల మన్నును తొట్టిలో పోసి, అందు 5 పౌనుల బరువుగల విల్లో మొక్కను నాటి, నీరు మాత్రమే పోయుచు 5 సంవత్సరములు పెంచెను. పిమ్మట చెట్టును తూచగా 169 పౌనులకు మించి తూగెను. మన్నును మరల నెండబెట్టి తూచగా సుమారు 2 ఔన్సులు మాత్రమే తఱిగియుండెను. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని అతడు తీర్మానించెను. ఈ పరీక్షను తెలుపు గ్రంథము అతని మరణానంతరము 1648లో అచ్చుపడినది.

ఆ తీర్మానము సరికాదు. చెట్టు దేహములో పెద్ద భాగము గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటిని తీసికొని, ఎండ బలముచేత ఆకులే తయారుచేసికొనునది. జెనీవా వాసియగు సొస్యూరు 1804లో ప్రకటించిన పరీక్షలవలన ఈ సంగతి చాలవఱకు స్థిరపడినది. అయితే వాన్ హెల్మాంటు లెక్కకు తీసికొనక విడిచిన ఆ 2 ఔన్సులే ఈ పత్రమునకు విషయము. వరిగడ్డిని తగులబెట్టినప్పుడు గాలినుండి వచ్చినది గాలిలో కలియును. మన్నునుండి వచ్చినది బూడిదగా నిలుచును. చేటెడు బూడిదయే గదా యని తీసివేయరాదు. అది లేనిచో గాలియు నీరును ఎండయు నెంత సమృద్ధిగా నున్నను మొక్క పెరుగదు.

మొక్కలకు తప్పనిసరి యని నిర్ణయింపబడిన మూలకములు 17. వానిలో బొగ్గు, ఉదజని, ప్రాణవాయువు అను మూడును గాలివలనను నీటివలనను లభించును. వానికై రైతు వ్యయపడ పనిలేదు. తక్కిన 14 వేళ్ల ద్వారా రావలయును. ఎక్కువగా కావలసినవి నత్రజని, భాస్వరము, పొటాషు. మధ్యమముగా కావలసినవి సున్నమునందలి కాల్షియము, మెగ్నీషియము, గంధకము. చిటికెడు మాత్రమే కావలసినవి ఇనుము, మాంగనీసు, అంగళ్లలో జింకు అని పిలువబడు తుత్తునాగము, రాగి, వెలిగారమునందుండు బోరాను, మాలిబ్దినము, క్లోరీను, నికెలు. చిటికెడు చాలుననుటచేత అవి లేకున్నను సాగునని తలపరాదు. బోరాను లేనిదే చిక్కుడుజాతి మొక్క బ్రతుకజాలదని 1923లో ఇంగ్లాండునందు కాథరిన్ వారింగ్టను అను శాస్త్రజ్ఞురాలు చూపెను.

కొఱవడిన దొక్కటియైనను తక్కినవి దాని కొఱతను పూరింపజాలవు. ఈ నియమమును జర్మనీ దేశమున స్ప్రెంగెలు 1828 ప్రాంతమున చెప్పెను. లీబిగు 1840 తరువాత లోకమునకెల్ల చాటెను. దీనిని గ్రహించుటకు చెరువు కట్టను చూచిన చాలును. కట్ట అంతయు పదిమూరల యెత్తుండి ఒక్కచోట ఆఱుమూరలే యున్నచో చెరువులో నీరు ఆఱుమూరలకే నిలుచును. తక్కిన కట్టపై ఎన్ని బండ్ల మన్ను పోసినను ప్రయోజనము లేదు; పల్లము పూడ్చవలయును. జింకు కొఱవడిన మడిలో యూరియా చల్లుట ఎత్తైన కట్టపైననే మరల మన్ను పోయుట వంటిది.

భూమి జమాఖర్చు

పట్టాదారునకు శిస్తు లెక్క తెలియును గాని తన భూమి ఖర్చు లెక్క సాధారణముగా తెలియదు. ఎకరమునకు 20 క్వింటాళ్ల ధాన్యము పండిన వరిపైరు, గింజ గడ్డి కలిపి, భూమినుండి రమారమి 35 కిలోల నత్రజనిని, 6 కిలోల భాస్వరమును, 34 కిలోల పొటాషియమును, 100 గ్రాముల జింకును తీసికొనును. భాస్వరములో మూడింట రెండు వంతులు గింజలో చేరును. పొటాషియము అట్లు గాదు. నూటికి 80 వంతులకు మించి గడ్డిలోనే నిలుచును. కావున గడ్డిని బండ్లకెత్తి పట్టణమున కమ్మువాడు తన చేని పొటాషును అమ్ముచున్నాడు. గడ్డిని తన పశువులకే వేసి, పెంటను పేడను చేనికే తోలువాడు దానిలో చాల భాగమును మరల జమ చేయుచున్నాడు. గడ్డిని పొలముననే తగులబెట్టినచో పొటాషు బూడిదలో మిగులును; నత్రజని దాదాపు అంతయు, గంధకములో చాల భాగము పొగతో పోవును; మన్నును గుల్లపఱచు జీవపదార్థమును పోవును. కోతయంత్రము విడిచిన మోళ్లకు అగ్గిపుల్ల గీయుట సులభమే గాని అంత చవుకయైన పని కాదు.

బాగుగా మాగిన పశువుల యెరువు ఒక టన్నులో సుమారు 5 కిలోల నత్రజని ఉండును. పొటాషును ఇంచుమించు అంతియే. భాస్వరము కొంత తక్కువ. చూచుటకు ఇది అల్పము. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు మించి నత్రజని యుండగా టన్ను పెంట యెందులకని అడుగువారు కలరు. యూరియాలో నత్రజని తప్ప వేఱేమియు లేదు. పెంటలో పదునాలుగును కొద్దికొద్దిగా నుండును. పశువు తిన్నది చేనినుండి వచ్చినదే గదా! 1889లో ఇండియాకు వచ్చి దేశమంతట తిరిగి 1893లో తన నివేదికను ప్రకటించిన రసాయనశాస్త్రజ్ఞుడు వోయెల్కరు, ఇచ్చటి రైతుల నేర్పును మెచ్చుకొనుచునే, వంటచెఱకు లేక పేడను పిడకలుగా కాల్చివేయుటకు మిక్కిలి చింతించెను. ఆ తప్పు రైతుదనుటకంటె కట్టెల కఱవుదనుట న్యాయము.

పెంట నిలువచేయు విధములోను నష్టమున్నది. ఇంటిముందు కుప్పగా పోసి ఎండకు వానకు విడిచినచో నత్రజని కొంత గాలిలోనికి, పొటాషు వాననీటితో వీధిలోనికి పోవును. మూడడుగుల లోతు గుంత తీసి, పేడను, చెత్తను, పశువుల మూత్రము తడిసిన మన్నును పొరలుగా వేసి, నిండిన తరువాత మన్నుతో కప్పి, పైన నీడ కల్పింపవలయును. పశువు విసర్జించు నత్రజనిలోను పొటాషులోను పెద్ద భాగము మూత్రమునందే యుండుటచేత కొట్టములో గడ్డి పఱచి దానిని పీల్పించుట లాభకరము.

చల్క నేలలకు చెరువు మన్ను తోలు ఆచారము పూర్వమునుండి యున్నదే. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత ఆరంభమైనప్పుడు ఆ మన్నును మరల చేలకు చేర్చు ప్రయత్నము జరిగినది. ఒండ్రు కలిసిన ఆ మన్ను తేలికనేలకు నీటిని, ఖనిజములను పట్టియుంచు బలము నిచ్చును. రేగడికి దాని యవసరము లేదు.

ఆకు చెప్పు సాక్ష్యము

కొఱత యేదో ఆకును చూచి చాలవఱకు ఊహింపవచ్చును. మొట్టమొదట చూడవలసినది రంగు కాదు, స్థానము. లోపము క్రింది ముదురాకులలో నున్నదా, పై లేతాకులలో నున్నదా?

నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియము మొక్క దేహములో ఒకచోటినుండి మఱియొకచోటికి కదలగలవు. కొఱత వచ్చినప్పుడు మొక్క వానిని ముదురాకులనుండి లాగి చిగుళ్లకు పంపును. ఇంటిలో గింజలు తక్కువైనప్పుడు పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లు. కావున వీని లోపము ముందుగా క్రింది ఆకులలో కనుపించును. కాల్షియము, బోరాను, ఇనుము ఒకసారి ఆకులో కుదురుకొన్న పిమ్మట కదలవు. గంధకమును రాగియు చాలవఱకు అట్టివే. వీని లోపము చిగురులోను లేతాకులోను మొదలగును.

క్రింది ఆకులు కొననుండి నడిమి ఈనె వెంబడి పసుపుబాఱి పైరంతయు పాలిపోయినచో నత్రజని తక్కువని యెంచవచ్చును. ఆకులు ముదురుపచ్చగా నుండి ఊదారంగు తిరిగి మొక్క ఎదుగక నిలిచినచో భాస్వరము. మొక్కజొన్నలో నిది స్పష్టముగా తెలియును. క్రింది ఆకుల అంచులు మాడినట్లయి లోనికి ఎండుచు వచ్చినచో పొటాషు. అట్టి పైరు గాలికి తేలికగా పడిపోవును, తెగుళ్లకును లొంగును. ఈనెలు పచ్చగా నుండి నడుమ పసుపో ఎఱుపో అయి అది ముదురాకులలో నున్నచో మెగ్నీషియము, లేతాకులలో నున్నచో ఇనుము. లేతాకులు ఈనెలతోసహా సమముగా పసుపుబాఱినచో గంధకము. నత్రజని లోపమునకును గంధకలోపమునకును భ్రమపడువారు పలువురు. ఆకు స్థానమును చూచినచో భ్రమ తీఱును. మునుపు సూపరు ఫాస్ఫేటు వాడుచున్నప్పుడు దానితోకూడ నూటికి 11 పాళ్ల గంధకము రైతు ఎఱుగకుండగనే చేనికి చేరుచుండెను. దాని స్థానమున డి.ఏ.పి. వాడుట హెచ్చిన తరువాత ఆ గంధకము రాకపోయెను. నూనెగింజలు వేయువారు దీనిని ముఖ్యముగా గమనింపవలయును.

ఆకు సాక్ష్యము సత్యమే యైనను కొంచెము ఆలస్యముగా వచ్చు సాక్ష్యము. గుర్తులు పైకి కనబడునప్పటికే దిగుబడి కొంత తఱిగియుండును. నీరు నిలిచి వేళ్లు కుళ్లినను, పురుగు వేరును కొఱికినను ఆకులు పసుపుబాఱును. కావున ఒక మొక్కను పెఱికి వేళ్లను చూడక ఎరువు కొనుటకు పోరాదు.

తుప్పు మచ్చల వరి

మొదట చెప్పిన మడికి మరల వత్తము. నాటిన రెండు మొదలు నాలుగు వారములలో లేతాకు మొదట నడిమి ఈనె పాలిపోవును. పిమ్మట క్రింది ఆకులపై ఈనెకు ఇరుప్రక్కల తుప్పురంగు లేక ఇటుకరంగు మచ్చలు పుట్టి కలిసిపోవును. ఆకులు కుఱుచయై, మొక్క గిడసబాఱి, పిలకలు తగ్గును. మడి యంతట సమముగా కాక అచ్చటచ్చట పట్టెలుగా కనుపించును. నత్రజని వేసినను పచ్చబడదు. ఇది జింకు లోపము.

ఉత్తర హిందూస్థానమున హిమాలయ పాదమునందలి తరాయి భూములలో ఈ జాడ్యమును రైతులు ఖైరా అనిరి. ఏదో తెగులని చాలమంది తలచుచుండగా, పంత్‌నగరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు నేనె 1966లో అది తెగులు కాదు, జింకు కొఱతయే యని తేల్చెను. అంతకుముందు ఎందఱు రైతులు తెగుళ్ల మందులకు పైకము పోసిరో లెక్కలేదు.

ఈ లోపము ఎల్లప్పుడు నీటిలో నానుచుండు మడులలోను, సున్నపుపాలు హెచ్చుగానుండు రేగడిలోను, చౌడులోను, భాస్వరపు ఎరువులు అధికముగా వేయు భూములలోను ఎక్కువ. ఏటికి రెండు కార్లు వరియే వేయుచు, నడుమ భూమిని ఆఱనీయక, ప్రతికారునకు డి.ఏ.పి. తప్పక పోయు రైతు మడిలో ఇది కనుపించుట వింత కాదు. అధిక దిగుబడినిచ్చు వంగడములు ప్రతికారు హెచ్చుగా లాగుకొనుటయు ఒక కారణము.

నివారణకు చివరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలయును. చౌడుభూములకు దీనికి రెట్టింపు కావలసియుండును. పైరు తీసికొనునది 100 గ్రాములేయైనప్పుడు ఇంత యెందులకని రైతు అడుగుట న్యాయము. 20 కిలోల జింకు సల్ఫేటులో జింకు నాలుగు కిలోలకు కొంచెము మించియుండును. దానిలో పెద్ద భాగమును మన్ను పట్టివేసికొనును, వేరునకు కొంతయే చిక్కును. అయితే పట్టుకొన్నది మెల్లమెల్లగా విడుచుచుండుటచేత ఒకసారి వేసినది రెండు మూడు కార్లకు పనిచేయును. కావున ప్రతికారు వేయుట వృథా.

లోపము నిలిచిన పైరులో కనుపించినచో ముందుగా నీరు తీసి మడిని ఆఱనిచ్చి, లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి, ఎకరమునకు సుమారు 200 లీటర్లు, 5 దినముల ఎడముతో రెండు మూడు మాఱులు పిచికారీ చేయవలయును. జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు. రెండును కలిసి నీట కరుగని పదార్థమై రెండును నష్టమగును. పురుగుమందులతోను కలుపరాదు. అంగడివాడు అన్నియు ఒకే డబ్బాలో కలిపి కొట్టవచ్చునని చెప్పినను వినరాదు. వాని శ్రమ తగ్గునేమో గాని పైరునకు లాభము లేదు.

చల్కలో మెట్టనారు పోసినప్పుడు లేతాకులు తెల్లబాఱుట జింకు లోపము కాదు, ఇనుము లోపము. దమ్ము చేసి నీరు పెట్టిన మడిలో ఇనుము కరిగి వేరునకు చిక్కును, ఆఱుమడిలో చిక్కదు. లీటరు నీటికి 5 మొదలు 10 గ్రాముల అన్నభేదిని కొంచెము నిమ్మ ఉప్పుతో కలిపి చల్లిన తెలుపు విఱుగును.

వేరుసెనగ, ప్రత్తి

వేరుసెనగకు కాల్షియము ఆకులనుండి కాయలకు దిగదు. ఊడలు భూమిలో దిగిన పిమ్మట కాయయే తన చుట్టునున్న మన్నునుండి దానిని నేరుగా పీల్చుకొనును. ఆ మన్నులో లేనిచో పై మొక్క పచ్చగా నున్నను కాయలు తాలు పోవును. పూతకాలమున ఎకరమునకు 200 కిలోల జిప్సమును మొదళ్లచెంత పడునట్లు వేసి మన్ను ఎగద్రోయవలయును. విత్తుటకు ముందు చేనంతట చల్లి సంతసించుట వలన అంత ఫలము రాదు. జిప్సములో గంధకమును ఉండుటచేత నూనెశాతమునకును మేలగును.

ప్రత్తిలో ముదురాకులు ఈనెలు పచ్చగా నుండి నడుమ ఎఱ్ఱబాఱుట మెగ్నీషియపు లోపము. లీటరునకు 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటును విత్తిన 45, 75 దినములకు పిచికారీ చేయుట వాడుకలో నున్నది. బోరాను లోపమున మొగ్గలు రాలి కాయలు వికారమగును. లీటరునకు 1 మొదలు 1.5 గ్రాముల వెలిగారము చాలును. వెలిగారమును మోతాదు మీఱి వాడినచో మొక్కకు విషమగును. కంటి కొలతతో దీనిని కలుపరాదు.

ఎరువు వేయు అదను

భాస్వరము మన్నులో కదలదు; ఎఱ్ఱనేలలో ఇనుము, రేగడిలో సున్నము దానిని పట్టుకొనును. కావున దుక్కిలోనో దమ్ములోనో వేరునకు దగ్గఱగా ఒకేమాఱు వేయవలయును. నత్రజని అందులకు మాఱు. నీటితో జారును, గాలిలోనికి లేచును. వరికి దానిని మూడు భాగములుగా విభజించి నాటునప్పుడు, పిలకలు వేయునప్పుడు, అంకురము ఏర్పడునప్పుడు, నీరు పలుచగా నున్నప్పుడే చల్లవలయును. పొటాషును బరువునేలలో ఒకేసారియు, తేలికనేలలో రెండుసార్లును వేయుట మేలు. జీలుగ, జనుము, పిల్లిపెసర పూతకు రాగానే కలియదున్నినచో అవి గాలినుండి పట్టిన నత్రజని ఉచితముగా లభించును. పప్పుజాతి వేళ్ల బుడిపెలు ఈ పని చేయుటకు మాలిబ్దినము, ఇనుము అవసరము.

మన్ను పరీక్ష

ఇండియా ప్రభుత్వము 2015 ఫిబ్రవరిలో ఆరంభించిన భూసార పత్రముల పద్ధతిలో మన్ను 12 గుణములకు పరీక్షింపబడును; జింకు, బోరాను, గంధకము అందు చేరియున్నవి. పరీక్ష ఎంత జాగ్రత్తగా జరిగినను, మన్ను తీసినది సరిగా లేనిచో ఫలితము పనికిరాదు. గట్టుచెంతను, చెట్టునీడను, పెంటకుప్ప వేసిన చోటను, నీరు నిలుచు పల్లమునందును తీయరాదు. ఎకరములో ఎనిమిది పది చోట్ల పైచెత్తను తొలగించి, 6 అంగుళముల లోతున పారతో వి ఆకారపు గుంత తీసి, దాని ప్రక్కనుండి పైనుండి క్రిందివఱకు సమముగా ఒక పొర గీయవలయును. అన్నిటిని శుభ్రమైన గుడ్డపై కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములను విడిచి, మిగిలినది మరల కలిపి, అరకిలో మిగులువఱకు ఇట్లే చేయవలయును. తుత్తునాగపు పూతగల రేకు బొక్కెనలో ఈ మన్నును పోయరాదు. ఆ పూత గీఱుకొని కలిసినచో లేని జింకు ఉన్నట్లు లెక్క వచ్చును. ఎరువుల ఖాళీ సంచులును పనికిరావు.

చల్కను రేగడిని, తరిని ఖుష్కిని కలిపి ఒకే సంచిలో నింపరాదు. భూమి రంగు మాఱినచోట సంచియు మాఱవలయును. నీడలో ఆఱనిచ్చి గుడ్డసంచిలో పోసి, పట్టాదారు పేరు, గ్రామము, సర్వే నంబరు, తరియో ఖుష్కియో, గడచిన కారున వేసిన పైరు, రాబోవు కారున వేయదలచిన పైరు చీటిపై వ్రాసి లోపల నొకటి, మూతికి నొకటి కట్టవలయును. చీటిని పెన్సిలుతోనే వ్రాయవలయును. మన్ను తడికి సిరా అలుకుకొనిపోవును.